అత్తమ్మకు నేను చెప్పిన ఒమన్ పాఠం

మొన్న బళ్లు తెరవగానే మా పాపకు ఇచ్చిన మొదటి ఇంటిపని, కొత్త రాష్ట్రం పటంలో పది జిల్లాలకూ పది రంగులు వేసుకుని రమ్మనడం. నాచారం చౌరస్తా దగ్గరి రెండు దుకాణాల్లోనూ కొత్త పటాలు ఇంకా దిగలేదు, పాతవి మాత్రం కట్టలకు కట్టలున్నాయి. "గవే తీస్కపోయి కిందిది కత్తెరతోని కోసెయ్యిర్రి మేడమ్, అందరు గట్లనే జేస్తున్రు," అన్నాడు దుకాణమాయన, ఏదో పాత చొక్కాకు చేతులు కత్తిరించమన్నంత తేలికగా. తెచ్చి, రెండో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, కృష్ణ గీత వెంట కత్తెర పోనిస్తుంటే, మంచం మీద నుంచి మా అత్తమ్మ, "మెల్లగ బిడ్డా, మన దిక్కు తెగుతది," అని ఒకటే జాగ్రత్తలు. కోయడం అయ్యాక రంగు పెన్సిళ్ల కోసం అలమార కింది అరలో పడి ఉన్న నా పాత టీచరు సంచి బయటికి లాగాను. పెన్సిళ్లతో పాటు నాలుగు మడతల కాగితం ఒకటి వచ్చింది. మడతల దగ్గర చిరిగి, రంగు వెలిసి, ఒక మూల పాల మరకతో ఉన్న ఒమన్ దేశపు పటం. "మమ్మీ, ఇది ఏ స్టేట్?" అంది పాప. మీ డాడీ ఉండి వచ్చిన దేశం అన్నాను. అందులో తన జిల్లా లేదని తెలియగానే దానికి ఆసక్తి పోయింది. నాకు మాత్రం ఆ కాగితాన్ని మళ్లీ సంచిలో పెట్టడానికి చాలాసేపు పట్టింది. పిల్ల పడుకున్నాక, రేపటికి బియ్యం ఏరిపెట్టాక, నాకంటూ దొరికే ఈ కాస్త వేళలో ఆ సంగతి రాసిపెట్టుకోవాలనిపించింది.

నేను మొదటినుంచీ భయస్తురాలిని. గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూస్తాను. ఎవరైనా అనుకున్న వేళకు రాకపోతే మనసు ఎక్కడెక్కడికో పోతుంది. పెళ్లికి ముందు చిల్కానగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని, పెళ్లయ్యాకా, కడుపుతో ఆరో నెల వచ్చేదాకా చెప్పాను. చదువు నాకు భయాన్ని పోగొట్టలేదు కానీ, దాన్ని ఒక క్రమంలో పెట్టుకోవడం నేర్పింది. ఫలానా ఊరు ఎక్కడుంది, దానికి ఎటు పక్క నది, ఎటు పక్క కొండ అని తెలిస్తే సగం దడ తగ్గేది. మన ఈడు ఆడవాళ్లలో కొందరు దేవుడి పటం ముందు కూర్చున్నట్టు నేను దేశాల పటాల ముందు కూర్చునేదాన్ని.

మా ఆయన మల్లాపూర్‌లో ఒక షెడ్డులో పైపు ఫిట్టరు. ఆ షెడ్డు మూతపడ్డాక ఆరు నెలలు ఇక్కడా అక్కడా తిరిగి, చివరికి వాళ్ల కరీంనగర్ పల్లె నుంచి అప్పటికే వెళ్లి ఉన్నవాళ్ల ద్వారా ఒమన్‌కు వీసా తెచ్చుకున్నాడు. నాకు అప్పుడు మూడో నెల. మా గల్లీలో అయితే ఒమన్ అన్న మాటే ఎవరికీ అక్కరలేదు. సౌదీ పోయినా, కువైట్ పోయినా, ఖతర్ పోయినా, అందరి భర్తలూ అందరి కొడుకులూ దుబాయ్‌లోనే ఉన్నట్టు లెక్క. మా అత్తమ్మ కూరగాయల బండి దగ్గర "నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడు" అంటే, నేను వెనకనుంచి "దుబాయ్ గాదు అత్తమ్మా, ఒమన్" అనేదాన్ని. "ఏదో ఒకటి తియ్యి, బువ్వ పెడుతున్నదా లేదా," అనేది ఆమె. ఆమెకు చదువు రాదు. పైకి ఎప్పుడూ అనకపోయినా, ఆ సంగతి నాకు ఎప్పుడూ గుర్తుండేది, అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన వెళ్లిన వారానికే హబ్సిగూడ నెట్ సెంటర్‌కు వెళ్లి ఆ దేశపు పటం తీయించుకున్నాను. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒక్కో కాగితం ప్రింటరులోంచి బయటికి రావడానికి ఎంతసేపు పట్టేదో. అప్పుడు రాసుకున్న వివరాలు కూడా ఇంకా ఆ కాగితం వెనక ఉన్నాయి. అప్పట్లో ఆ దేశంలో మన జిల్లాలాంటి భాగాలు రెండు రకాలుగా ఉండేవి. మస్కట్ లాంటి మూడు చోట్లను ముహాఫజా అనేవారు, మిగతావాటిని మంతికా, అంటే ఉత్త ప్రాంతం అనేవారు. ఒక్కోదాని కింద కొన్ని విలాయత్‌లు, విలాయత్‌కు వాలీ అనే ఒక అధికారి. మనకు విలాయతి అంటే సముద్రం అవతలి సరుకు, వాళ్లకేమో విలాయత్ అంటే మన మండలం లాంటిది, అంతే. ఆ పేర్లు చదువుతుంటే దేశాన్ని ఒక మనిషిలా పడుకోబెట్టి పెట్టినట్టు అనిపించింది. హజర్ కొండలు వెన్నెముక. వాటికి ముందు, సముద్రం వైపు పొట్టలాంటి తీరం బాతినా. వెనకవైపు వీపు ధాహిరా. లోపలి భాగం దాఖిలియా. తూర్పు కొస షర్కియా. నడుమ, మనుషులు దాదాపు లేని ఎడారి వుస్తా. దక్షిణాన మన వానలు మనకు పడే రోజుల్లోనే తుంపర పడి పచ్చబడే ధోఫార్. ఉత్తరాన ముసందమ్ అయితే, నడుమ వేరే దేశం నేల అడ్డుపడి, ఇంటికి దూరంగా కట్టిన గదిలా విడిగా ఉంటుంది.

మా ఆయన కంపెనీ దాఖిలియాలోని నిజ్వా ఊళ్లో ఉండేది. ఒకప్పుడు తీరమంతా మస్కట్ సుల్తాన్ చేతిలో, కొండల లోపలి భాగమంతా ఇమామ్ చేతిలో ఉండేదట. అందుకే దేశం పేరు కూడా చాలాకాలం "మస్కట్, ఒమన్" అని రెండుగా పలికేవారట. నిజ్వా ఆ లోపలి రాజ్యానికి పెద్ద ఊరు. ఇదంతా చదివి, శుక్రవారం వాళ్ల సెలవు రోజున ఆయన ఫోన్ చేసినప్పుడు, కోట చూశావా, పాత బజారు చూశావా అని అడిగేదాన్ని. "కోటేందే, నాకు పైపులు తప్ప ఏం కనిపిస్తలేవు," అని నవ్వేవాడు. ఆయన అక్కడ అడుగుపెట్టిన కొద్దిరోజులకే ధాహిరా నుంచి బురైమీని విడదీసి వేరే ముహాఫజా చేశారు. నేను వేసిన రంగు తప్పైపోయింది. ఆ మాట పై అంతస్తులో ఉండే మా ఇంటి యజమానితో అన్నాను. ఆయన తహసీల్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, మేము తాత అని పిలిచేవాళ్లం. "నేనీ ఇల్లిడిసి బజారుకు తప్ప ఏడికి పోలే పిల్లా. అయినా హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డి జిల్లాకు వచ్చిన, తాలూకా నుంచి మండలానికి వచ్చిన, ఇగ రేపు గ్రేటర్‌కు పోతనట. నాకంటే మీ ఆయనే నయ్యం, ఒక్కపారి పోయిండు," అన్నాడు తాత.

నా భయాలన్నింటిలో పెద్దది నీళ్ల భయం. మా ఆయనకు ఈత రాదు. విమానాశ్రయానికి బయలుదేరే ముందు, నీళ్ల మీద పని, ఓడరేవు పని మాత్రం ఒప్పుకోవద్దని పట్టుబట్టి మాట తీసుకున్నాను. నిజ్వా చుట్టూ కొండలే కాబట్టి నాకు ఆ ఊరంటే ఒక విధమైన ప్రేమ కూడా ఏర్పడింది. దాఖిలియాకు నేను ఆకుపచ్చ రంగు వేసుకున్నాను. నిజానికి అక్కడ పచ్చదనం ఖర్జూరపు తోటల దగ్గర తప్ప లేదని తెలిసి కూడా.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పేయాలి, లేకపోతే తర్వాత జరిగింది సరిగా అర్థం కాదు. తొలి కాన్పుకు నేను చిల్కానగర్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్లాను. నేను అక్కడున్న నెలల్లోనే మా ఆయనను కంపెనీవాళ్లు నిజ్వా నుంచి తీసి, షర్కియాలో సముద్రపు అంచున ఉండే సూర్ అనే ఊరికి, నీళ్లలోకి కట్టే జెట్టీకి పైపులు వేసే పనికి పంపారు. కాదంటే ఇంటికి పొమ్మన్నారట. ఆ సంగతి ఆయన వాళ్ల అమ్మకు ఫోన్‌లో చెప్పాడు, నాకు చెప్పొద్దన్నాడు. ఆయన ఆ మాట అనకపోయినా ఆమె చెప్పేది కాదు. బాలింత చెవిన దడ పుట్టించే కబురు పడకూడదన్నది అత్తమ్మ వాళ్ల దిక్కు గట్టి పట్టింపు. చావు కబురైనా సరే వాకిట్లోనే ఆపేస్తారు. బెదిరితే పాలు ఇంకిపోతాయని, పిల్ల ఎండిపోతుందని. అందుకని మా ఆయన ప్రతి శుక్రవారం సూర్ నుంచే ఫోన్ చేసి, నిజ్వా కొండల మీద ఎండ ఎట్లా ఉందో నాకు చెప్పేవాడు. నేను నమ్మి, అది పాఠంలా మా అమ్మకు చెప్పేదాన్ని.

పాపకు మూడో నెలలో నాచారం తిరిగొచ్చాను. మా మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసిపోయిన కొత్త, కుళాయి బిల్లు ఎక్కడ కట్టాలో ఎవరికీ సరిగా తెలియని రోజులు. జూన్ మొదటివారం, ఎండలు ఇంకా తగ్గలేదు. ఒక మంగళవారం సాయంత్రం టీవీలో, అరేబియా సముద్రంలో పుట్టిన పెద్ద తుఫాను ఒమన్ మీదికి పోతున్నదని, తీరపు ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారని చెప్పారు. తెర మీద తెల్లటి మబ్బు సుడి తిరుగుతోంది. అత్తమ్మ చేటలో కందిపప్పు పోసుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఆగిపోయింది. నేను పిల్లను గట్టిగా పట్టుకుని టీవీకి దగ్గరగా జరిగాను. అంతలోనే తీరం కదా అంటున్నారు, మనవాడు ఉన్నది లోపల కదా అని కుదుటపడ్డాను. చదువుకున్నందుకు ఇంతకంటే మంచి సమయం రాదనుకున్నానో ఏమో, పిల్లను ఉయ్యాల్లో వేసి పటం తెచ్చి ఆమె ముందు నేల మీద పరిచాను.

ఆమె చూపుడువేలు పట్టుకుని, బడిలో చిన్నపిల్లల చేత చేయించినట్టు, ఆకుపచ్చ రంగు మీద పెట్టాను. "మీ కొడుకు గీడున్నడు అత్తమ్మా. సముద్రం ఎంత దూరమున్నదో సూడుర్రి. నడిమిట్ల అన్ని గుట్టలే." ఆమె తల ఊపింది. "మరి సూర్ అన్న ఊరు ఏడుంటది బిడ్డా?" అని అడిగింది. టీవీలో విని ఉంటుందనుకున్నాను. వేలు జరిపి తూర్పు మూల అంచుకు తెచ్చి పెట్టి, తుఫాను మొదట తగిలేది ఇక్కడే అని చెప్పాను, సరైన జవాబు తెలిసిన సంతోషంతో. ఆమె వేలు అక్కడినుంచి తీయలేదు.

"గాడ గుట్టలు లెవ్వా?"

"ఉన్నయ్ గని, ఊరు సముద్రం ఒడ్డుకే ఉంటది."

"ఎత్తు మీద బడి గిట్ల ఏమన్న ఉంటదా, మందిని ఉంచనీకి?"

"విలాయత్ అన్నంక బడి ఉండదా అత్తమ్మా," అని నవ్వాను. అక్కడితో ఆగినా బాగుండేది. సూర్ పాతకాలంలో పెద్ద పెద్ద కట్టెపడవలు కట్టిన ఊరనీ, ఆ పడవలు మన దేశం దాకా వచ్చేవనీ, అందుకే సముద్రానికి అంత దగ్గరగా కట్టుకున్నారనీ ఇంకా ఏవేవో చెప్పాను. ఆమె అన్నీ విని, పప్పు చేట పక్కన పెట్టి, "నువ్వు తిను బిడ్డా, పిల్ల లేస్తది," అంది.

మర్నాడు పొద్దున్నే టీవీలో గీతలు తప్ప ఏమీ రాలేదు. మా కేబుల్ తీగ పైనున్న తాత వాళ్ల ఇంట్లోంచే కిందికి వచ్చేది. అడిగితే, గ్రేటర్ వాళ్లు రోడ్డు తవ్వుతూ తెంపేశారన్నాడు. నేను నమ్మాను. ఆ రోజుల్లో ఏది తెగినా గ్రేటర్ మీదికే పోయేది. తాతే పైన తీగ పీకేశాడని తర్వాత తెలిసింది. అత్తమ్మ తెల్లవారకముందే పైకి వెళ్లి ఆయనతో సూర్ సంగతి చెప్పుకున్నదట. అప్పటినుంచి నీళ్లు పట్టే వంకతో, బట్టలు ఆరేసే వంకతో రోజుకు పదిసార్లు మెట్లెక్కి, ఆయన పేపరులో చదివింది విని వచ్చేదట. నాకు కనిపించింది మాత్రం, ముసలామె ఈ ఎండలో ఊరికే మెట్లెక్కి దిగుతున్నది, మోకాళ్లు నొప్పి అంటుంది మళ్లీ, అన్నంత వరకే. నేను ఐఎస్‌డీ బూత్‌కు వెళ్లి ఆయన నంబరుకు చేశాను, కలవలేదు. మస్కట్‌లో టవర్లు పడిపోయి ఉంటాయి, దేశమంతా లైన్లు అక్కడినుంచే కదా అని నాకు నేనే ఒక కారణం చెప్పుకుని, ఇంటికొచ్చి ఆమెకూ అదే కారణం విడమరిచి చెప్పాను. ఆమె "గట్లనా" అంది. ఆ రెండు రోజులూ నా తలకు నూనె పెట్టింది, పాపకు నలుగు పెట్టి స్నానం చేయించింది, ఎప్పటికంటే ఎక్కువ మాట్లాడింది కూడా. రాత్రి పిల్ల లేచినప్పుడల్లా నాకంటే ముందు తనే లేచి ఉయ్యాల ఊపేది. మనవరాలంటే ఎంత ప్రాణమో అనుకున్నాను. ఆమె అసలు పడుకోవడమే లేదన్నది నాకు తట్టలేదు.

ఆ ఏడు మిరుగం, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, శుక్రవారం పడింది. మిరుగం నాడు ఇంట్లో చేప ఉడకకపోతే మనవాళ్లకు ఏడాదంతా వెలితి. అత్తమ్మ ఉప్పల్ దాకా నడిచివెళ్లి కొరమీను తెచ్చి, చింతపులుసు పోసి వండి, ముళ్లు తీసి నా కంచంలో పెట్టింది. తను ముట్టలేదు. ఒక్కపొద్దు ఉన్నానంది. మిరుగం నాడు ఒక్కపొద్దు ఏమిటని నేను అడిగితే, "మొక్కుకున్న తియ్యి," అని అవతలికి వెళ్లిపోయింది. శుక్రవారం కాబట్టి నేను పొద్దుటినుంచీ ఫోన్ ఎదురుగా పెట్టుకునే ఉన్నాను. పదింటికి రావాల్సిన ఫోన్ రాలేదు. పన్నెండయింది, మూడయింది. అప్పుడు మాత్రం నా దాఖిలియా, నా కొండలు నన్ను కాపాడలేదు. టవర్లు, లైన్లు అని చెప్పుకున్న కారణాలు ఒక్కొక్కటీ జారిపోతుంటే పటం ముందు కూర్చున్నాను. పిల్ల ఒళ్లో పాలు తాగుతూ కక్కిన పాలు దాని మీద పడ్డాయి. తుడవాలని కూడా అనిపించలేదు.

పొద్దుగూకే వేళకు ఫోన్ మోగింది. ఎప్పుడూ చూడని నంబరు. నేనే ఎత్తాను. ఆయన గొంతు బొంగురుగా, ఎవరో పక్కన నిలబడి తొందర పెడుతున్నట్టుగా ఉంది. "నేను మంచిగనే ఉన్న. అమ్మకియ్యి, జల్ది," అన్నాడు. వారమంతా ఎదురుచూసిన నాతో మూడు మాటలు, ఆ తర్వాత అమ్మకియ్యి. నాకు మనసు చివుక్కుమన్నా, ఫోన్ ఆమెకు ఇచ్చాను. ఆమె రెండు చేతులతో పట్టుకుని, నేను పక్కనే ఉన్నానన్న సంగతి మరిచిపోయి, ఒక్కసారిగా అరిచినట్టు అడిగింది.

"కొడుకా, నీళ్లు తగ్గినయారా? సముద్రం ఎనుకకు పోయిందా?"

నిజ్వాలో సముద్రం ఎక్కడిది? ఆ ఒక్క ప్రశ్నతో నాకు మొత్తం అర్థమైంది. ఫోన్ పెట్టేశాక ఆమె గోడకు చేరగిలబడి కూర్చుని, అంతకుముందు ఎప్పుడూ వినని గొంతుతో ఏడ్చింది. జెట్టీ సగం కొట్టుకుపోయింది. వాళ్ల క్యాంపు గదుల్లోకి నీళ్లు వచ్చాయి. తుఫానుకు ముందురోజే వాళ్లను లారీల్లో ఎక్కించి, ఊరికి ఎత్తున ఉన్న ఒక బడిలో ఉంచారు. దారి తెరుచుకున్నాక ఇబ్రా అనే లోపలి ఊరికి తీసుకొచ్చారు. అక్కడ ఒక దుకాణమాయన ఫోన్ అడిగి పుచ్చుకుని మాట్లాడాడు. ఇదంతా ఆమె ఏడుస్తూ ముక్కలు ముక్కలుగా చెబితే విన్నాను.

సంతోషించాల్సిన నేను ఏం చేశానో చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అందరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారనిపించింది. ముఖ్యంగా ఆమె వేలు పట్టుకుని నేను చెప్పిన ఆ పాఠం గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది, నా మీదో ఆమె మీదో తెలియకుండా. మూడో రోజు పిల్లకు స్నానం చేయిస్తున్నప్పుడు, ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. ఆమె చేతులు ఆపకుండానే చెప్పింది. "సెప్తె నువ్వేం జేస్తుంటివి? గా కాయిదం ముందలేసుకొని ఏడుస్తుంటివి. పిల్లకు పాలెవలిస్తుండె?" అట్లాగని మీరొక్కరే మోస్తారా, మీకేమైనా అయితే అన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసి, నవ్వుదామా వద్దా అన్నట్టు చూసి, "నాకేమైతది? ఎండిపోనీకి నాకు పాలున్నయా?" అంది. పాప నీళ్లు చిమ్మింది. మేమిద్దరం అప్పుడు నవ్వాము, మాట్లాడుకున్నాము, మిగిలిన చేపల పులుసు ఏమైందని ఆమె అడిగితే పారేశానని చెప్పి తిట్లు తిన్నాను. ఇల్లు మామూలైంది.

నేను మామూలు కాలేదు. ఆ తర్వాత ఆయన ఇంకో మూడేళ్లు అక్కడే ఉన్నాడు. ప్రతి శుక్రవారం ఏ ఊరు, ఏ విలాయత్, ఏ ప్రాంతం అని వరసగా అడిగేదాన్ని. చెప్పినదాన్ని నమ్మక, పక్కనున్న మనిషికి ఫోన్ ఇమ్మని, అన్నా మీరు ఏ ఊళ్లో ఉన్నారు అని అతన్నీ అడిగేదాన్ని. మొదట్లో గదిలో అందరూ నవ్వేవాళ్లు. "అన్నా, మీ పోలీసు ఫోన్ వచ్చింది," అనేవాళ్లట. తర్వాత ఆయనకు విసుగొచ్చింది, అటుపైన అలవాటైంది. నిజమే చెబుతున్నాడని నాకూ తెలుసు. తెలిసినా అడిగేదాన్ని. బాగున్నాను అన్న మాట ఎవరి నోట విన్నా దాని వెనక ఏముందోనని వెతకడం నాకు అప్పుడు పట్టుకున్న జబ్బు.

ఆయన తిరిగొచ్చిన మరుసటి ఏడాది ఆ దేశంలో మళ్లీ గీతలు మార్చారు. ప్రాంతాలన్నింటినీ ముహాఫజాలు చేశారు. బాతినా రెండైంది, షర్కియా రెండైంది. ఆయన నీళ్లలో చిక్కిన సూర్ దక్షిణ షర్కియాలోకి, ఆయన గొంతు నాకు వినిపించిన ఇబ్రా ఉత్తర షర్కియాలోకి పోయాయి. ఆ వార్త చదివి ఆయనకు చెబితే, "మంచిగైంది," అని చొక్కా విప్పి గోడకు తగిలించుకున్నాడు. ఆ మూడు రోజుల గురించి ఆయన నాతో ఇప్పటిదాకా అంతకుమించి మాట్లాడలేదు. ఇక్కడా ఇప్పుడు గీత మారింది. రాష్ట్రం వచ్చిన రోజు మా గల్లీలో టపాసులు కాల్చారు, తాత కిందికి దిగి స్వీటు పంచి, ఇది నా ఎన్నో అడ్రసో అని వేళ్లు లెక్కపెట్టాడు. ఈ పది జిల్లాలు కూడా ఇట్లాగే ఉండవు, ఇంకా చిన్నవి చేస్తారని అంటున్నారు. పాప మూడో తరగతికో నాలుగో తరగతికో వచ్చేసరికి మళ్లీ కత్తెర పట్టుకోవాలేమో. ఏది ఎక్కడుందో తెలుసుకుంటే చాలు, భయం తగ్గుతుందని నమ్మిన ఆ టీచరమ్మ మీద నాకిప్పుడు జాలి వేస్తుంది.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ చెబుతున్నాను. ఆయన ప్రాణం నీళ్ల అంచున ఉన్న ఆ మంగళవారం నుంచి శుక్రవారం పొద్దుటిదాకా నేను హాయిగా అన్నం తిన్నాను, పిల్లను ఒళ్లో వేసుకుని నిండుగా పాలిచ్చాను, పడుకోగానే నిద్రపోయాను. నా జీవితంలో అంత నిశ్చింతగా పడుకున్న రాత్రులు మళ్లీ రాలేదు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు, ఎక్కడ ఏం జరిగినా అందరికీ ఒకేసారి తెలిసిపోతుంది. ఖతర్‌లో ఉన్న మరిది జ్వరమొచ్చి పడుకుంటే, పచ్చి బాలింత అయిన మా తోడికోడలికి దవాఖానా మంచం ఫోటోతో సహా వచ్చింది. అత్తమ్మకు ఆపడానికి వాకిలే లేదు. ఆమె ఆ ఫోటో చూసి, ఇదెవలు పంపిన్రు, ఎందుకు పంపిన్రు అని రెండు మూడుసార్లు అడిగి, మెల్లగా లేచి వెళ్లి తోడికోడలి పక్కన కూర్చుంది.

మా ఆయన ఇప్పుడు దమ్మాయిగూడ వైపు, కొత్తగా పడుతున్న కాలనీల్లో నీళ్ల పైపులు వేస్తున్నాడు. సాయంత్రం ఏడు దాటితే నేను ఫోన్ చేస్తాను. "మౌలాలి దగ్గరున్న, గేటు పడ్డది," అంటాడు. నేను సరే అనను, పెట్టేయను, చెవికి ఆనించుకుని అట్లాగే నిలబడతాను. ఎందుకో ఆయనకు తెలుసు. బండి మీద కూర్చునే ఫోన్‌ను పట్టాల వైపు చాపి పట్టుకుంటాడు. రైలు చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా విని, అప్పుడు పెట్టేస్తాను.